గేరు రాడ్డు మొరాయించిన ఉదయం



ఈసారి టపాలో ఛందస్సు లేదు. వ్యాకరణం కూడా ఒక్కచోట తప్ప లేదు. ముప్ఫై మూడేళ్ళు జిల్లా పరిషత్తు ఉన్నత పాఠశాలలలో తెలుగు పండితుడిగా సుద్దముక్క పట్టిన ఈ చేతికి, ఒకనాటి ఉదయం కారు గేరు రాడ్డు లొంగలేదు. అది ఎందుకు లొంగలేదో తెలిసిన తరువాత నాకు కలిగిన సిగ్గు వలన ఇన్నాళ్ళూ ఈ సంగతి వ్రాయక వాయిదా వేస్తూ వచ్చాను.

మోకాలు అరిగి ఎడమకాలితో క్లచ్చి తొక్కడం కష్టమైనప్పుడు, మా అబ్బాయి ఒక పాత ఆటోమేటిక్ కారు కొని ఇచ్చాడు. దానిలో క్లచ్చి ఉండదు. గేరు రాడ్డు ప్రక్కన పి, ఆర్, ఎన్, డి అని వరుసగా అక్షరాలు ఉంటాయి. నిలిపి ఉంచడానికి పి, వెనుకకు పోవడానికి ఆర్, ఏ గేరులోనూ లేకుండా ఉంచడానికి ఎన్, ముందుకు సాగడానికి డి. వేలమంది పిల్లలకు ఓనమాలు దిద్దించిన నాకు ఈ నాలుగక్షరాలు వంటబట్టడానికి వారం రోజులు పట్టింది.

మేముండేది విశాఖపట్నంలో, వాల్తేరు మెట్ట ప్రాంతంలో. మా ఆవరణే ఏటవాలు. గుమ్మం మెరకలోనూ, గేటు పల్లంలోనూ ఉంటాయి. కారును లోపలికి తెచ్చి నిలిపితే దాని ముఖం ఇంటివైపు, వెనుకభాగం గేటువైపు ఉంటుంది. బయటికి పోవాలంటే వెనుకకు నడపవలసినదే.

ధనుర్మాసంలో ఒక సాయంత్రం నేనూ, మా ఇంటావిడా సిరిపురం కూడలి దాటి ఇంటికి వస్తున్నాము. ముందు పోతున్న ఆటో హఠాత్తుగా ఆగింది. నేనూ ఆపాను. మరుక్షణమే వెనుక టైరు కీచుమన్న శబ్దం వినిపించింది. ఒక మోటారుసైకిలు మా బంపరును రాచుకుంటూ ప్రక్కకు వాలి, నడిపే కుర్రవాడు కాలు నేలకు తన్నిపట్టి నిలబెట్టాడు. అతని ముందు, పెట్రోలు ట్యాంకు మీద, ఐదేళ్ళ పాప కూర్చుని ఉంది. దెబ్బ తగలలేదు గాని, భయంతో గుక్కపట్టి ఏడుస్తున్నది.

అతను నా కిటికీ అద్దం తట్టాడు. నేను అద్దం దించినది అతను చెప్పేది వినడానికి కాదు, నేను చెప్పదలచినది చెప్పడానికి. "ముందున్న బండికి ఎడం పాటించాలని తెలియదా? పసిపిల్లను ముందు కూర్చోబెట్టుకొని ఆ వేగమేమిటి?" అని తరగతి గదిలో వలె గొంతు పెంచాను. అతను, "అది కాదు బాబూ, మీ ఎనక..." అంటూ ఏదో చెప్పబోయాడు. "నీ తప్పు నువ్వు ఒప్పుకో ముందు" అన్నాను. ఆటో కదిలింది. నేనూ కదిలాను. నా మాటలో తప్పు లేదని ఇల్లు చేరేవరకూ మా ఇంటావిడకు వివరిస్తూనే ఉన్నాను. ఆమె మాట్లాడలేదు.

మరునాటి ఉదయం ఆమె కుడికంటికి శుక్లాల ఆపరేషను. ఏడు గంటలకల్లా ఆసుపత్రికి రమ్మన్నారు. ఆరు గంటలకే బయలుదేరాము. ఇంకా చీకటి పూర్తిగా విడలేదు. గేటు తెరిచివచ్చి, కారు ఎక్కి ఇంజను స్టార్టు చేశాను. బ్రేకు తొక్కి, గేరు రాడ్డును పి నుండి ఆర్‌కు మార్చబోయాను. రాడ్డు కదలలేదు. దాని తలమీది బొత్తాము లోపలికి నొక్కుకోలేదు. ఇంజను ఆపి, మళ్ళీ స్టార్టు చేసి చూశాను. రెండు చేతులా పట్టి లాగాను. "విరుగుతుందేమోనండీ" అన్నది ఆమె. "నీకేం తెలుసు" అన్నాను.

నా మొదటి అనుమానం ఏటవాలు మీద. రాడ్డును పి లో పెట్టినప్పుడు గేరు పెట్టెలో ఒక ఇనుప గడియ వచ్చి పళ్ళచక్రం పళ్ళ సందున పడుతుంది. ఏటవాలులో హ్యాండ్ బ్రేకు వేయకుండా పి లో పెట్టి కాలు తీసేస్తే, కారు ఒకింత జారి, దాని బరువంతా ఆ చిన్న గడియ మీద ఆనుతుంది. అప్పుడు గడియ ఊడిరావడం కష్టం. నాకు ఆ దురలవాటు ఉన్నది. కారు ఆగిన తరువాత బ్రేకు మీద కాలు ఉంచే ఎన్ లోకి మార్చి, హ్యాండ్ బ్రేకు గట్టిగా లాగి, కాలు తీసి కారు బరువు హ్యాండ్ బ్రేకు మీద ఆనినదని చూసుకొని, మళ్ళీ బ్రేకు తొక్కి పి లో పెట్టాలి. ఇది మెట్టప్రాంతం వారందరూ నేర్వవలసిన క్రమం. అయితే అటువంటి బిగుతులో సాధారణంగా బొత్తాము నొక్కుకుంటుంది, రాడ్డు మాత్రం బిరుసుగా కదిలి దభీమన్న చప్పుడుతో ఊడివస్తుంది. నాకు బొత్తామే నొక్కుకోలేదు. ఈ భేదం నాకు అప్పటికి తెలియదు.

మా వీధి చివర గ్యారేజి నడిపే యువకునికి ఫోను చేశాను. నిద్రమత్తులోనే అడిగాడు: "మాస్టారూ, బ్రేకు తొక్కినప్పుడు గేరు రాడ్డు కింద టిక్కుమని చప్పుడొస్తోందా?"

"లేదు."

"అయితే బ్రేకు తొక్కి పట్టుకోండి. వెనక బ్రేకు లైట్లు వెలుగుతున్నాయేమో అమ్మగారిని ప్రక్కన నిలబడి చూడమనండి. బండి వెనక మాత్రం నిలబడొద్దు."

ఆమె దిగి, గోడవారగా నిలబడి చూసి, "వెలగడం లేదండీ" అన్నది.

"నీకు శుక్లాలు కదా, సరిగా చూడు."

"శుక్లాలున్నా ఎరుపు తెలుస్తుంది. వెలగడం లేదు."

నేను నమ్మలేదు. దిగి గేటు మూసివచ్చాను. మా గేటుకు తెల్లరంగు వేసి ఉంటుంది. చీకటి వేళ బ్రేకు తొక్కితే దానిమీద ఎర్రని వెలుగు పడటం ఎన్నోసార్లు అద్దంలో చూశాను. మళ్ళీ కూర్చుని బ్రేకు తొక్కి అద్దంలోకి చూశాను. గేటు తెల్లగానే ఉన్నది.

ఫోనులో ఆ యువకుడు చెప్పిన వివరణ నా భాషలో చెబుతాను. బ్రేకు పెడలు పైభాగాన ఒక చిన్న స్విచ్చి ఉంటుంది. పెడలు తొక్కగానే ఆ స్విచ్చి వెనుక బ్రేకు లైట్లను వెలిగిస్తుంది. గేరు రాడ్డు క్రింద ఉన్న చిన్న విద్యుదయస్కాంతానికి కబురందేదీ ఆ స్విచ్చి వలననే. అది టిక్కుమని తాళం తీస్తేనే రాడ్డు పి నుండి కదులుతుంది. అందుచేత లైట్లు వెలగక, రాడ్డూ కదలకపోతే, ముందుగా అనుమానించవలసినవి ఆ స్విచ్చిని, దాని ఫ్యూజును. లైట్లు వెలుగుతూ రాడ్డు మాత్రమే కదలకపోతే దోషం తాళంలోనో, దానికి పోయే తీగలోనో వెతకాలి.

"తాళం చేత్తో తీసే ఉపాయమేమైనా ఉందా నాయనా? మేము ఏడింటికి ఆసుపత్రిలో ఉండాలి" అన్నాను.

"ఉంది మాస్టారూ. తీసి నడపనూ వచ్చు. కానీ నడపకండి. మీరు ఆగినట్టు వెనకవాడికి తెలీదు."

ఆ మాట విని నేను స్టీరింగు పట్టుకొని అలాగే కూర్చున్నాను. ఆమె కిటికీ దగ్గరకు వచ్చి మెల్లగా అన్నది: "నిన్న ఆ అబ్బాయి 'మీ ఎనక లైటు' అన్నాడండీ. మీరు విననివ్వలేదు."

ఆటోలో ఆసుపత్రికి వెళ్ళాము. దారిపొడుగునా నా చెవులలో ఆ పాప ఏడుపే. ఆ పిల్లకు ఏమైనా అయి ఉంటే, తప్పు ఎవరిదని లోకం అనేదో తెలియదు గాని, లైటు వెలగని కారు నాది. పైగా తండ్రిని బిడ్డ ముందే నిలదీసినది కూడా నేనే.

ఆపరేషను సవ్యంగా జరిగింది. మధ్యాహ్నం ఆ యువకుడు వచ్చి, చక్రాలకు పల్లంవైపు ఇటుకలు పెట్టి, హ్యాండ్ బ్రేకు లాగి, ఆ ఉపాయం నాకు చూపించాడు. రాడ్డు ప్రక్కన చిన్న మూత ఉన్నది. దానిని ఊడదీసి, బ్రేకు తొక్కిపట్టి, లోపలి రంధ్రంలో సన్నని స్క్రూడ్రైవరు నొక్కి ఉంచితే రాడ్డు ఎన్‌కు కదిలింది. అన్ని కార్లలోనూ ఈ ఏర్పాటు ఒకే చోట ఉండదు, కొన్నిటిలో ఉండకపోవచ్చు కూడా. కారుతో ఇచ్చిన పుస్తకం చూడాలి. పి నుండి వదిలిన కారు పల్లానికి జారుతుందని మాత్రం మరువరాదు. ఫ్యూజు బాగానే ఉన్నది. స్విచ్చి పోయింది. బొటనవ్రేలంత వస్తువు. మార్చడానికి పావుగంట పట్టింది. బ్రేకు తొక్కితే టిక్కుమన్నది, గేటు ఎర్రబడ్డది.

ఈ తాళం ఎందుకు పెట్టారో తరువాత చదివి తెలుసుకున్నాను. 1980లలో అమెరికాలో ఆటోమేటిక్ కార్లు వాటంతట అవే దూకుతున్నాయని పెద్ద అలజడి రేగింది. అక్కడి ప్రభుత్వ రహదారి భద్రతా సంస్థ పరిశీలించి, అటువంటి ప్రమాదాలలో చాలా వాటికి కారణం బ్రేకు అనుకొని యాక్సిలరేటరు తొక్కడమేనని 1989లో నివేదిక ఇచ్చింది. బ్రేకు మీద కాలు ఉంటే గాని రాడ్డు కదలని ఏర్పాటు ఆ కాలంలోనే కార్లలోకి వచ్చింది. 2008లో అక్కడ చేసిన ఒక చట్టం, 2010 సెప్టెంబరు నుండి తయారయ్యే ఆటోమేటిక్ కార్లన్నిటా ఇది ఉండి తీరాలన్నది. వెనుకకు వస్తున్న కారు క్రింద పడి 2002లో మరణించిన రెండేళ్ళ పిల్లవాని పేరు ఆ చట్టానికి పెట్టారు. ఆ కారు నడిపినది కన్నతండ్రి. ఇది చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

సంధి చేయరాని చోట్లు చెప్పినప్పుడు పిల్లలు "ఎందుకు చేయకూడదు మాస్టారూ?" అని అడిగేవారు. చేస్తే అర్థం చెడుతుంది, విధి ఎంత ముఖ్యమో నిషేధమూ అంత ముఖ్యమే అని చెప్పేవాడిని. చెప్పిన నేనే, కదలనన్న రాడ్డును రెండు చేతులా పట్టి విరవబోయాను. కుర్రవాని మాటను ఆపాను. ఇంటావిడ కంటిని శంకించాను. లైట్లు వెలగడం లేదని నాకు తెలియజెప్పడానికి ఆ రాడ్డుకు ఉన్న దారి మొరాయించడం ఒక్కటే.

మరునాడు కంటి కట్టు విప్పారు. తిరిగివస్తుండగా ముందు కారు బ్రేకు వేసింది. "అబ్బ, ఎంత ఎర్రగా ఉందండీ ఆ దీపం! ఇన్నాళ్ళూ మట్టిరంగులో కనిపించేది" అని ఆమె చిన్నపిల్లలా సంబరపడింది. ఆటోలో ఆమె ప్రక్కన కూర్చుని నేను సరేనన్నాను.

ఆ కుర్రవాని కోసం కొన్నాళ్ళు సాయంత్రం వేళ సిరిపురం కూడలిలో నిలబడి చూశాను. బండి నంబరు తెలియదు, ముఖం కూడా సరిగా గుర్తులేదు. ఆ రోజు అతన్ని నేను చూసినదెప్పుడు కనుక? పాప ముఖం మాత్రం గుర్తున్నది. కనబడలేదు.

ఇప్పుడు వారానికొకసారి గేటు మూసి, బ్రేకు తొక్కి, అద్దంలో చూసుకుంటాను. మీరూ చూసుకోండి. అర నిమిషం పని. రోడ్డు మీద ఏ బండికైనా బ్రేకు లైటు వెలగకపోతే, అది ఆగినచోట ప్రక్కకు వెళ్ళి చెబుతాను. కొందరు ధన్యవాదాలంటారు. కొందరు "నీ దారిన నువ్వు పోవయ్యా" అంటారు. మొన్న నా వయసువాడొకాయన అద్దం దించి, నేను నోరు విప్పకముందే తిట్టడం మొదలుపెట్టాడు. ఆయన ముగించేవరకూ నిలబడి, "బాబూ, మీ వెనక లైటు వెలగడం లేదు" అన్నాను.

శలవు.