కాలి కింద వంతపాట

గద్వాల నేతన్న ఇంట్లో పుట్టినవాడికి కాలితో తొక్కి పనిచేయడం కొత్తేమీ కాదు. గుంటమగ్గంలో కూర్చున్న తండ్రి కాళ్లు పొద్దస్తమానం ఆడుతూనే ఉంటాయి. కొడుకు మాత్రం మగ్గం జోలికి పోలేదు. డప్పు, గిటారు, పాట... అదే లోకం. వెంట ఇద్దరు స్నేహితులుండేవారు, బుర్రకథలో కథకుడికి అటూ ఇటూ వంతలున్నట్టు. వాళ్లకు హైదరాబాద్‌లో ఉద్యోగాలొచ్చాయి. ఇతడు ఒంటరివాడయ్యాడు.

అప్పుడు పట్టుకుంది లూపింగ్ పిచ్చి. చిన్న దరువు వాయించి రికార్డు చేస్తే యంత్రం దాన్నే తిప్పి తిప్పి వినిపిస్తుంది. దానిమీద గిటారు, ఆపైన గొంతు... ఒక్కడే ముగ్గురవుతాడు! 1970ల్లో రాబర్ట్ ఫ్రిప్ అనే బ్రిటిష్ గిటారిస్టు రెండు టేపు రికార్డర్లు పక్కపక్కన పెట్టి చేసిన విద్యే ఇది. ఇప్పుడు కాలితో నొక్కే పెడల్‌లో ఇమిడిపోయింది. ల్యాప్‌టాప్‌లో సాఫ్ట్‌వేర్‌గానూ దొరుకుతుంది. ఏది కొనాలి?

ఇంట్లో అక్క పాత ల్యాప్‌టాప్ ఉంది. సాఫ్ట్‌వేర్‌లో ఎన్ని పొరలైనా వేయొచ్చు, ఏ పొరనైనా విడిగా తగ్గించొచ్చు. ఖర్చు తక్కువనుకున్నాడు. తీరా చూస్తే సౌండ్‌కార్డు, కాలి స్విచ్చు వేరే కొనాలి. అవి అరువు తెచ్చి చూశాడు. అసలు తంటా ఆలస్యంతో వచ్చింది. సెకనుకు 44,100 నమూనాల లెక్కన, 256 నమూనాలు పోగయ్యేసరికే దాదాపు 6 మిల్లీసెకన్లు. రానూపోనూ అంతకు రెట్టింపు పైమాటే. ఆ సంఖ్య తగ్గిస్తే పాత యంత్రం తట్టుకోలేక చిటపటలాడేది.

ఓ జాతరలో పాట మధ్యలో తెర నల్లబడింది. జనం ఈలలు! డప్పు అందుకుని ఎలాగో గట్టెక్కాడు.

ఇక పెడలే అనుకున్నాడు. అతడికి అందుబాటులో ఉన్న చిన్నదాంట్లో పొరలన్నీ కలిసిపోతాయి, తప్పొస్తే చివరిది మాత్రమే చెరుగుతుంది. అయితేనేం, మధ్యలో ఆగిపోదన్న ధీమా. తండ్రి రెండు చీరల కూలి చేతిలో పెట్టాడు. ‘‘మగ్గం మీద కూసుంటవనుకుంటి’’ అన్నాడు, అంతే.

మొదటిరోజు దరువు తిరుగుతోంది. గద్వాల చీరలో నూలు ఒంటికి పట్టు అంచు, పట్టు కొంగు కలుపుతారు. ఆ కలిపిన చోటు తెలియకపోవడమే పనితనం. మగ్గం ఆపి కాసేపు విన్నాడు తండ్రి.

‘‘అతుకు కానొస్తుందిరా.’’

నిజమే. దరువు మొదటికొచ్చిన ప్రతిసారీ చిన్న తడబాటు. కాలు రవ్వంత ఆలస్యంగా పడింది. కొడుకు అంతా చెరిపేసి, మళ్లీ డప్పు అందుకున్నాడు.