రెండు ఫిక్స్‌లు, ఒక బగ్

పోయిన దసరా సెలవుల్లో కరీంనగర్‌లో మా ఇంటి సజ్జ మీద పాత సామాను సర్దుతుంటే అట్ట ఊడిపోయిన ‘తులసిదళం’ దొరికింది. “ఇంటర్‌ల ఉన్నప్పుడు చదివిన. రాత్రి బాత్‌రూంకు పోవాలన్నా మీ చిన్నమ్మను లేపుతుంటి” అంది అమ్మ. పాముకు కూడా భయపడని మా అమ్మను భయపెట్టిన పుస్తకమా! చదవాల్సిందే అనుకున్నాను. ఇంగ్లిష్ మీడియం పుణ్యమా అని మొదటి పది పేజీలకు గంట పట్టింది. తర్వాత తెల్లారే దాకా పుస్తకం కింద పెట్టలేదు.

తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. యండమూరి వీరేంద్రనాథ్ రాసిన ఈ నవల ఆంధ్రభూమి వీక్లీలో సీరియల్‌గా వచ్చి నలభై ఏళ్ళు దాటింది. తులసి అనే చిన్న పాప మీద ‘కాష్మోరా’ అనే క్షుద్రశక్తిని ప్రయోగిస్తారు. పాప రోజురోజుకీ క్షీణిస్తుంది. అది జబ్బా, చేతబడా? ఒక పక్క డాక్టర్లు, ఇంకో పక్క మంత్రాలు తెలిసినవాళ్ళు పాపను కాపాడాలని పరుగులు పెడతారు. చివరికి ఏది పనిచేసిందో రచయిత తేల్చడు.

మన భాషలో చెప్తాను. ప్రోగ్రాం క్రాష్ అవుతోంది. ఇద్దరు ఒకేసారి రెండు చోట్ల కోడ్ మార్చారు. రన్ అయింది. ఎవరి వల్ల? తెలియాలంటే ఒక మార్పు తీసేసి మళ్ళీ రన్ చేయాలి. పాపను మళ్ళీ మంచాన పడేసి చూడలేం కదా! అందుకే ఆ ముగింపు నాకు భలే నచ్చింది. సైన్స్ నమ్మేవాళ్ళకు సైన్స్, మంత్రం నమ్మేవాళ్ళకు మంత్రం. మ్యాచ్ డ్రా.

రంగనాయకమ్మ గారికి మాత్రం నచ్చలేదు. ‘తులసిదళం కాదు, గంజాయి దమ్ము’ అని ఏకంగా ఒక పుస్తకమే రాశారు. ఆ పేరు వినగానే నవ్వొచ్చింది. కథను కథలా చూడొచ్చు కదా, అంత కోపం ఎందుకు అనుకున్నాను.

తర్వాత సీతాఫలాలు గుర్తొచ్చాయి.

నాకు ఎనిమిదేళ్ళప్పుడు జగిత్యాల దగ్గర అమ్మమ్మ వాళ్ళ ఊళ్ళో, వీధి చివర ఉండే ఒక ముసలామె పిలిచి రెండు సీతాఫలాలు ఇచ్చింది. ఇంటికి తెస్తే అమ్మమ్మ గుంజుకుని మోరీలో పారేసింది. “గామె చేతిది ఏం తినద్దు బిడ్డా. బాణామతి చేస్తదట.” తినకపోయినా మర్నాడు జ్వరం వచ్చింది. మూడు రోజులు మాత్రలు మింగాను. మధ్యలో ఎవరో మంత్రించి ఇచ్చిన తాయెత్తు కూడా కట్టారు. జ్వరం తగ్గింది. పేరు తాయెత్తుకు వచ్చింది. తప్పు ముసలామె చూపు మీద పడింది. డాక్టర్ ఊసే లేదు.

హాస్టల్‌లో ఈ సంగతి చెప్తే ఆదిలాబాద్ నుంచి వచ్చిన నా రూమ్మేట్ నవ్వాడు. “మా దిక్కు వానకాలం జ్వరమొస్తే పొద్దుగాల పీహెచ్‌సీ, రాత్రికి భూతవైద్యుడు. రెండూ చేస్తరు. ఎందుకైనా మంచిదని.”

ఈ ‘ఎందుకైనా మంచిది’ దగ్గరే నాకు భయం వేస్తోంది. తాయెత్తు కడితే పోయేదేముంది అనుకుంటాం. కానీ తాయెత్తు పనిచేసిందని ఒప్పుకుంటే చేతబడి జరిగిందని కూడా ఒప్పుకున్నట్టే. జరిగితే చేసినవాళ్ళు ఒకరుండాలి. నవలలో ఆ మనిషిని రచయిత పుట్టించాడు. ఊళ్ళో అయితే ఊరే వెతికి పెడుతుంది. 2022 జనవరిలో జగిత్యాల టీఆర్ నగర్‌లో ఒక తండ్రినీ ఇద్దరు కొడుకులనూ మంత్రాలు చేస్తున్నారనే అనుమానంతో పట్టపగలు, నలుగురూ కూడిన మీటింగ్‌లోనే చంపేశారు. ఆ అనుమానం ఏ నవల వల్లా పుట్టింది కాదు, నవల కంటే చాలా పాతది. కానీ నేను చప్పట్లు కొట్టిన ఆ ‘డ్రా’ మా ఊళ్ళో ఎవరి మీద పడుతుందో నవల చదువుతున్నంతసేపూ నాకు తట్టలేదు. రంగనాయకమ్మ గారి కోపం ఇప్పుడు కొంచెం అర్థమవుతోంది.

సంక్రాంతికి అమ్మమ్మ ఊరెళ్ళాను. ముసలామె గడప ముందు చాట ఒళ్ళో పెట్టుకుని బీడీలు చేస్తోంది. “ఎవలు బిడ్డా నువ్వు?” అంది. చెప్పాను. మంచినీళ్ళు అడిగి తాగాను. అమ్మమ్మకు చెప్పలేదు.

ఆ రాత్రి కడుపులో నొప్పి మొదలైంది. నిజం చెప్తున్నా, ఒక్క నిమిషం ఆ గ్లాసే గుర్తొచ్చింది. కోడింగ్ చదివే నాకు, ఇదంతా ఆలోచించిన నాకు. తర్వాత లేచి కూర్చుని, పొద్దున్నుంచి ఎన్ని సకినాలు తిన్నానో లెక్కపెట్టుకున్నాను.

పద్దెనిమిది.