రొద ఎక్కడిది?

పాస్టరుగారు ప్రార్థనకు కళ్లు మూసుకున్నారు. బేస్ గిటార్ కుర్రాడు మెల్లగా ఒక తీగ మీటాడు. అంతే, ఎవరూ ముట్టుకోని స్నేర్ డ్రమ్ 'జుయ్' మంది. ముందు వరుసలోని పెద్దలంతా డ్రమ్స్ ముందు కూర్చున్న నావైపు చూశారు. సికింద్రాబాద్‌లో మేం వెళ్లే చర్చిలో నిరుడు వరుసగా మూడు ఆదివారాలు ఇదే తంతు. చివరికి కమిటీ తేల్చేసింది: క్రిస్మస్‌లోగా రొద ఆగకపోతే డ్రమ్స్ మూలకు, కీబోర్డులో ఉన్న రిథమ్‌తోనే పాటలు.

నాకు పోయేదేం లేదు. వార్తల పరుగు మధ్య వారానికోసారి తీర్చుకునే సరదా. కానీ రెండేళ్లుగా నా దగ్గర నేర్చుకుంటున్న పదహారేళ్ల కుర్రాడికి, క్రిస్మస్ రాత్రి నువ్వే వాయించాలని మాటిచ్చాను. "బటన్ నొక్కితే సరిపోతే ఇక నేనెందుకన్నా?" అన్నాడు వాడు.

స్నేర్ అడుగున పలుచటి ప్లాస్టిక్ పొర, దాన్ని ఆనుకుని స్ప్రింగుల్లా చుట్టిన ఉక్కు తీగలు ఉంటాయి. మా డ్రమ్‌కు ఇరవై. పైన కర్ర పడగానే అవి పొరకు తగిలి 'ఛళ్' మంటాయి. ఆ పదునే దాని అందం. కాకపోతే పక్క వాద్యం మోగినా ఆ పొర కంపిస్తుంది, తీగలు గోల చేస్తాయి. అందరిలాగే నేనూ మొదట తీగల్ని బిగించేశాను. రొద తగ్గింది. డ్రమ్ గొంతూ నొక్కుకుపోయింది. మెల్లగా కొడితే అట్టపెట్టె మీద కొట్టినట్టుంది.

శనివారం సాయంత్రం ఖాళీ చర్చిలో ఇద్దరం కూర్చున్నాం. వాడు ఒక్కో డ్రమ్మూ కొడుతుంటే నేను స్నేర్ దగ్గర చెవి పెట్టాను. అసలు దోషి చిన్న టామ్! దాని శ్రుతి స్నేర్ శ్రుతికి మరీ దగ్గరగా ఉంది. కాస్త దించగానే సగం గోల పోయింది. అరుస్తున్నవాడొకడు, ఎగదోసేవాడు మరొకడు. అల్లర్ల వార్తలు రాసే నాకు ఇది ముందే తట్టాల్సింది.

తర్వాత సాగిపోయిన రెండు తీగల్ని కత్తిరించాం. తీగల కొసలకు ఇరువైపులా అడుగు పొరను పట్టి ఉంచే నాలుగు బోల్టుల్ని కొద్దికొద్దిగా వదులు చేశాం. స్నేర్ వైపు తిరిగి ఉన్న బేస్ స్పీకర్‌ను పక్కకు తిప్పి, కింద రబ్బరు చాప వేశాం. ఇక ప్రార్థన సమయానికి మందు మరీ తేలిక: స్నేర్ పక్కనున్న మీట దించితే తీగలు పొరను వదిలేస్తాయి. మూడు వారాలూ అది నా చేతికి అందేంత దూరంలోనే ఉంది. పాట ముగిశాక కర్రలు పక్కన పెట్టి కళ్లు మూసుకున్నానే తప్ప, దాన్ని దించలేదు.

రొద పూర్తిగా పోలేదు, పోదు కూడా. తంబురాలో తీగకూ గుర్రానికీ మధ్య దారప్పోగు పెట్టి మరీ అలాంటి ఝుంకారాన్ని రప్పించుకుంటాం. స్నేర్‌లోనూ దాన్ని చంపేయకూడదు, అదుపులో పెట్టాలంతే.

క్రిస్మస్ రాత్రి వాడు వాయించాడు. ఒక నెమ్మది పాటలో సన్నగా గరగర నా చెవిన పడింది. ముందు వరుసలో ఒక్క తలా తిరగలేదు. పాట ముగిసింది, పాస్టరుగారు లేచారు. సైగ చేద్దామని వాడివైపు చూశాను. అప్పటికే వాడి చెయ్యి మీట మీద ఉంది.