ఫస్ట్ పార్టే బెస్టా?

సినిమాల సంగతి సరే, పుస్తకాల్లో కూడా "ఫస్ట్ పార్టే బెస్ట్" అన్న మాట నిజమేనా? ఈ సెమిస్టర్ అంతా నాకూ నా రూమ్‌మేట్‌కీ ఇదే గొడవ. గొడవంతా ఆర్థర్ సి. క్లార్క్ 'రామా' సిరీస్ గురించి.

మొదటి పుస్తకం 'రాందేవూ విత్ రామా' 1973లో వచ్చింది. కథ జరిగేది 22వ శతాబ్దంలో. సౌరకుటుంబం బయటి నుంచి ఏదో దూసుకొస్తుంటుంది. అప్పటికే గ్రీకు, రోమన్ దేవుళ్ళ పేర్లన్నీ వాడేసిన శాస్త్రవేత్తలు మన దేవుళ్ళ దగ్గరికొచ్చి ఉంటారు. అలా దానికి రాముడి పేరు పెడతారు. లైబ్రరీలో నేను పుస్తకం తీసింది కూడా ఆ పేరు చూసే.

దగ్గరికెళ్ళి చూస్తే అది నున్నటి సిలిండర్. 50 కిలోమీటర్లకు పైగా పొడవు, 20 కిలోమీటర్ల వెడల్పు. తన చుట్టూ తాను తిరుగుతూ ఉంటుంది కాబట్టి లోపలి గోడే నేల. కమాండర్ నార్టన్ టీమ్ మధ్యలో ఉన్న ఇరుసు దగ్గర లోపలికి వెళ్తుంది. అక్కడ వాళ్ళకి బరువే ఉండదు. మెట్లు దిగేకొద్దీ బరువు పెరుగుతుంది. ఇంటర్‌లో సెంట్రిఫ్యూగల్ ఫోర్స్ ఫార్ములా బట్టీ పట్టాను గానీ, నిజంగా అర్థమైంది ఆ మెట్ల మీదే. లోపల గడ్డకట్టిన సముద్రం ఒకటి సిలిండర్ చుట్టూ కంకణంలా ఉంటుంది. సూర్యుడికి దగ్గరయ్యేకొద్దీ అది కరుగుతుంది. లైట్లు వెలుగుతాయి. బయాట్లు అనే యంత్రజీవులు బయటికొచ్చి పని మొదలుపెడతాయి. దాన్ని తయారుచేసినవాళ్ళు మాత్రం ఎక్కడా కనిపించరు. చివరికి రామా సూర్యుడి దగ్గర శక్తి నింపుకుని తన దారిన వెళ్ళిపోతుంది. మనుషులనేవాళ్ళు ఉన్నారన్న సంగతే దానికి పట్టదు. పుస్తకం మూశాక కాసేపు అలా కూర్చుండిపోయాను.

పదహారేళ్ళ తర్వాత, 1989లో 'రామా 2' వచ్చింది. తర్వాత 'ద గార్డెన్ ఆఫ్ రామా' (1991), 'రామా రివీల్డ్' (1993). ఈ మూడింటికీ జెంట్రీ లీ సహరచయిత. ఆయన అంతరిక్ష ప్రయోగాల్లో పనిచేసిన ఇంజనీరు. మరి ఇంజనీరు చేయి పడితే మెషీన్లు పెరగాలి కదా? కుట్రలు, ప్రేమలు, పెళ్ళిళ్ళు, పిల్లలు పెరిగారు! నాలుగో పుస్తకంలో రంగుల పట్టీలతో మాట్లాడుకునే ఆక్టోస్పైడర్లు నాకు బాగా నచ్చాయి. కానీ చివర్లో రామా ఎందుకొచ్చిందో విడమరిచి చెప్పేస్తారు. అంత పెద్ద రామా నాకు ఒక్కసారిగా చిన్నదైపోయింది.

"ఇది స్పేస్ కాదే, టీవీ సీరియల్" అన్నాను.

"నీ నార్టన్‌కి భూమ్మీద ఒక భార్య, మార్స్ మీద ఒక భార్య. ఇద్దరికీ ఒకే మెసేజ్ పంపుతాడు. వాళ్ళ సంగతి ఎప్పుడైనా ఆలోచించావా?" అంది.

ఆలోచించలేదు. ఆ పేజీ చదివి నవ్వుకున్నానంతే.

కానీ మూడో పుస్తకం మొదట్లో నికోల్ డైరీ ఉంటుంది. రెండో పుస్తకం చివర ఇంకో ఇద్దరితో కలిసి ఆమె రామాలో చిక్కుకుపోతుంది. కూతురు జెనెవీవ్ భూమ్మీదే ఉండిపోతుంది. కథ నికోల్‌తో వెళ్తుంది, ఆమెకి అక్కడ వేరే పిల్లలు పుడతారు. నేను మాత్రం జెనెవీవ్ దగ్గరే ఆగిపోయాను.

ఎందుకంటే మా అమ్మ నా ఏడో ఏట కువైట్ వెళ్ళింది, ఇంటిపనికి. నన్ను కోనసీమలో అమ్మమ్మ పెంచింది. నా ఇంగ్లీష్ మీడియం ఫీజులు ఆ దినార్లే. అమ్మ రెండు, మూడేళ్ళకోసారి వస్తుంది, చాక్లెట్లు తెస్తుంది, వెళ్ళిపోతుంది. అక్కడ పిల్లల్ని చూసుకోవడమే అమ్మ పని. వాళ్ళ పేర్లు కూడా నాకు తెలీదు. ఎప్పుడూ అడగలేదు. అడిగితే ఏడుస్తుందేమోనని భయం. అసలు నిజం చెప్పాలంటే, కోపం.

నికోల్ చిక్కుకుపోయింది. మరి అమ్మ?

మొన్న శుక్రవారం ఫోన్ చేసినప్పుడు ఎప్పటిలా "తిన్నావా తల్లీ" అంది. తిన్నానని చెప్పి, అక్కడి పిల్లల పేర్లు అడిగాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత చెప్పింది. చిన్నది నా అంతే మొండిదట. దానికి జడ వేసేటప్పుడల్లా నేనే గుర్తొస్తానట. "మొదటి ఏడాదే వచ్చేద్దామనుకున్నానమ్మా. అప్పు తీరలేదు" అంది. నలభై నిమిషాలు మాట్లాడుకున్నాం. నా కోపం మొత్తం పోయిందని చెప్పను గానీ, ఆ నలభై నిమిషాల్లో అమ్మ మాత్రం చిన్నదైపోలేదు.

కాబట్టి నా తీర్పు: ఫస్ట్ పార్టే బెస్ట్. ఇప్పటికీ అదే అంటాను. ఎవరైనా చదవాలనుకుంటే దాంతోనే మొదలుపెట్టండి, అక్కడే ఆగిపోయినా నష్టం లేదు. కానీ లైబ్రరీలో రెన్యూ చేయించి నా దగ్గరే ఉంచుకున్నది మూడోది. రూమ్‌మేట్‌కి ఈ సంగతి ఇంకా చెప్పలేదు. చెబితే తనే గెలిచానంటుంది.