గోడమీది తుపాకీ వయసెంత?

మా వీధిలో పెరిగిన పిల్లలందరికీ ఒక తుపాకీ కథ తెలుసు. జమ్మలమడుగుకు అవతల, పెన్న ఒడ్డు పల్లెలో ఒక పెద్ద మిద్దె ఉంది. ఆ మిద్దె నడవలో, గోడకు కొట్టిన రెండు మేకుల మీద ఒక పాత తుపాకీ ఉండేది. మా ఎరుకలవాళ్ళం ఆ ఇంటికి తరాలుగా కావలి కాసినవాళ్ళం. పంట కళ్ళంలో ఉన్నన్ని రాత్రులు మా ముత్తాత, ఆయన తర్వాత మా అబ్బ అక్కడే పడుకునేవాళ్ళు. ఆ తుపాకీ గురించి అబ్బ చెప్పే మాట ఒకటే.

"అది రెడ్డోళ్ళది గాదురా, మనది. ఉయ్యాలవాడ నరసింహారెడ్డి దండులో మన పెద్దోడు మోసిన తుపాకి అది. ఆయప్పను ఉరిదీసినాక తెచ్చి ఆ ఇంట్లో దాచిపెట్టినాడు."

మేము ఆ నడవలోకి ఎప్పుడూ అడుగు పెట్టలేదు. అబ్బకు జొన్నలు కొలిచేటప్పుడు వాకిట్లో నిలబడి, తలుపు సందులోంచి చూసేవాళ్ళం. ట్రిగ్గర్ కింద ఇనుప కమ్మి ఒకటి పొడుగ్గా వెనక్కి సాగి ఉండేది. 1990లో 'కొదమ సింహం' వచ్చినప్పుడు చిరంజీవి చేతిలో అట్లాంటి కమ్మి ఉన్న తుపాకీ చూసి, "మన తుపాకీ లాంటిదే!" అని హాల్లో అరిచాం. బడిలో ఎవరైనా మమ్మల్ని కులం పేరుతో, దొంగలన్న మాటతో ఎగతాళి చేస్తే ఆ తుపాకీ గుర్తొచ్చేది. మావాళ్ళు దొంగలు కాదు, తెల్లోళ్ళ మీద తిరగబడినవాళ్ళు అని లోపల అనుకునేవాళ్ళం. ఆ ఒక్క మాట పట్టుకునే బడి మానకుండా చదివాం అంటే అతిశయం కాదు.

తర్వాత టి.టి.సి. చదివి టీచర్లమయ్యాం. పులివెందుల వైపు కొన్నేళ్ళు పనిచేసి, ఇప్పుడు ప్రొద్దుటూరులో ఉంటూ జమ్మలమడుగు వైపు బడికి బస్సులో పోయి వస్తున్నాం. 2019లో 'సైరా' సినిమా వచ్చింది. మా 5వ తరగతి పిల్లలు రోజూ దాని గురించే మాట్లాడేవాళ్ళు. ఒకరోజు మేము గొప్పగా మా అబ్బ కథ చెప్పాం. వెనక వరసలో కూర్చునే సుగాలి పాప లేచి అడిగింది: "సార్, ఆ తుపాకీ ఏ సంవత్సరంలో చేసినారు?"

మా దగ్గర జవాబు లేదు. చరిత్ర పాఠంలో సంవత్సరం రాయకపోతే అర మార్కు కోసేది మేమే.

ఆ ఇంటి పెద్దాయనకు ఫోన్ చేశాం. తుపాకీకి లైసెన్సు ఉంది. ఎన్నికలు వచ్చినప్పుడల్లా అందరిలాగే స్టేషన్‌లో అప్పగించి, అయిపోయాక తెచ్చుకుంటారట. "ఒకసారి వచ్చి చూడవచ్చునా?" అని అడిగితే, "రా అయ్యవారూ, నీకు గాక ఎవురికి చూపిస్తాను" అన్నాడు. మా అబ్బను "ఏమిరా" అని పిలిచిన నోటితోనే మమ్మల్ని అయ్యవారూ అన్నాడు. ఆ రోజు మొదటిసారి ఆ నడవలో కుర్చీ మీద కూర్చున్నాం. ఆయనే తుపాకీ దించి, లోపల తూటా లేదని తెరిచి చూపించి, మా ముందు పెట్టాడు.

పిల్లలు రూపాయి బిళ్ళ మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్దితే బొమ్మ దిగుతుంది కదా, మేమూ అదే పని చేశాం. తుపాకీ కుడిపక్క ఇనుము మీద తుప్పు కింద ఏవో అచ్చులున్నాయి. పలచటి కాగితం పెట్టి రుద్దాం. సెల్‌ఫోన్ లైటు ఎదురుగా కాకుండా పక్కనుంచి ఏటవాలుగా వేస్తే అరిగిన గీతల నీడలు లేచాయి. ఒక కిరీటం, దాని కింద వి.ఆర్., దాని కింద ఎన్‌ఫీల్డ్, ఆ కింద ఒక సంవత్సరం కనిపించాయి. చివరి అంకె బాగా అరిగింది. నాలుగుసార్లు రుద్దాక 1882 అని తేలింది. అన్నిటికీ కింద ఐ.సి.1 అని ఉంది. మరోచోట రెండు బాణాల మొనలు ఒకదానికొకటి తగులుతున్నట్టు ఇంకో గుర్తు ఉంది.

ఆ కాగితాలు తీసుకుని ప్రొద్దుటూరులో ఉండే ఒక పెద్దమనిషి దగ్గరికి పోయాం. ఆయన పోలీసుశాఖలో ఆర్మరర్‌గా, అంటే తుపాకులు బాగుచేసే పనిలో ఉండి రిటైరయ్యాడు. కాగితం చూస్తూనే, "ఇది మార్టినీ సారూ" అన్నాడు. ఆయన చెప్పింది, మేము తర్వాత చదివి సరిచూసుకున్నది కలిపి ఇక్కడ రాస్తున్నాం. ఏ పాత వస్తువుకైనా వయసు కట్టడానికి ఈ వరస పనికొస్తుంది.

మొదట ఆ వస్తువు ఎట్లా పనిచేస్తుందో చూడాలి. కింది కమ్మిని ముందుకు, కిందికి గుంజితే లోపలి ఇనుప దిమ్మె ముందుభాగం దిగి గొట్టం వెనకవైపు తెరుచుకుంటుంది. తూటా చేత్తో పెట్టి కమ్మి మూస్తే తుపాకీ సిద్ధం. ఒకసారికి ఒకటే గుండు. సినిమాల్లో కౌబాయ్‌ల చేతిలో ఉండే వించెస్టర్ వేరు. దానికి గొట్టం కింద ఇంకో గొట్టం ఉంటుంది, తూటాలు అందులో వరసగా నింపుతారు. మా తుపాకీకి ఆ రెండో గొట్టం లేదు. స్విట్జర్లాండ్‌లో పనిచేసిన మార్టినీ అనే ఇంజనీరు పనితనానికి, ఎడింబరోకు చెందిన హెన్రీ చేసిన గొట్టాన్ని కలిపి తయారైంది మార్టినీ-హెన్రీ. బ్రిటిష్ సైన్యం దీన్ని ఒప్పుకున్నది 1871లో. అంటే మా తుపాకీ అంతకు ముందుది కాదు.

తర్వాత రాజముద్ర. వి.ఆర్. అంటే విక్టోరియా రాణి. ఆమె చనిపోయింది 1901 జనవరిలో. ఆ తర్వాత చేసినవాటి మీద ఇ.ఆర్., జి.ఆర్. అని పడేది. కాబట్టి మా తుపాకీ 1901 తర్వాతిదీ కాదు. ఇట్లా రెండు గట్లు దొరికాయి. వాటి మధ్యనే ఉంది 1882. ఎన్‌ఫీల్డ్ అనేది లండన్ దగ్గరి ప్రభుత్వ కార్ఖానా. ఐ.సి.1 అన్న అచ్చు 1877 తర్వాత వచ్చిన కార్బైన్ల మీద, అంటే సైన్యానికి చేసిన పొట్టి తుపాకుల మీద ఉంటుంది. మూడు గుర్తులూ ఒకే మాట చెబుతున్నాయి.

ఇక్కడ చాలామంది పొరబడేది ఒకటుంది. తుపాకీ పేరులో ఉన్న సంవత్సరం, అది తయారైన సంవత్సరం ఒకటే కావు. వించెస్టర్ 1894 అన్నది మోడల్ పేరు. ఆ మోడల్‌ను వందేళ్ళకు పైగా చేశారు. దాని వయసు కట్టాలంటే మీదున్న వరస నంబరు చూడాలి. ఆ కంపెనీ పాత దస్త్రాలు అమెరికాలో కోడీ అనే ఊరి మ్యూజియంలో ఉన్నాయి. గొట్టం మార్చి ఉంటే గొట్టానిది ఒక సంవత్సరం, ఒంటిది ఒక సంవత్సరం అవుతుంది. తయారైన ఏడాది, మన ఊరికి చేరిన ఏడాది కూడా వేరువేరు. 1857 తర్వాత తెల్ల సిపాయిలకు కొత్త తుపాకులు, మనదేశపు సిపాయిలకు వాళ్ళు వాడి వదిలిన పాతరకం ఇవ్వడం తెల్లవాళ్ళ పద్ధతి. మొనలు తగులుతున్న రెండు బాణాలకు అర్థం, సర్కారు దీన్ని తన లెక్కలోంచి తీసి అమ్మేసిందని.

అంతా విన్నాక వేళ్ళ మీద లెక్క వేసుకున్నాం. నరసింహారెడ్డి కోవెలకుంట్ల ఖజానా మీద పడింది 1846 జులైలో. ఆయన్ను ఉరితీసింది 1847 ఫిబ్రవరి 22న. ఆయన వెంట చెంచులు, యానాదులు, ఎరుకలవాళ్ళు, బోయలు నడిచారని చెబుతారు. కానీ ఈ తుపాకీ పుట్టింది ఆయన పోయిన 35 ఏళ్ళకు. పైగా ఇది తిరుగుబాటుదారుల తుపాకీ కాదు, సర్కారు తుపాకీ.

ఆ రోజు బస్సులో ఎవరితోనూ మాట్లాడలేదు. అబ్బ లేడు. ఉంటే ఈ మాట ఎట్లా చెప్పేవాళ్ళమో తెలియదు. పిల్లలకు చెప్పకుండా ఊరుకుందామా అని కూడా అనిపించింది. అడిగింది ఒక్క పాపే కదా, మరిచిపోతుందిలే అనుకున్నాం. ఆ ఆలోచన వచ్చినందుకు తర్వాత సిగ్గుపడ్డాం.

జేజి మాత్రం ఉంది. పులివెందులలో మా మేనత్త ఇంట్లో ఉంటుంది. ఆదివారం పోయి, భయపడుతూనే సంగతి చెప్పాం. జేజి పెద్దగా బాధపడలేదు. "మీ అబ్బకు కతలు చెప్పేది అలవాటే గదా" అని నవ్వింది. సెల్‌లో ఫోటోలు చూపిస్తే ఒకదాని దగ్గర వేలు పెట్టి ఆపింది. తుపాకీ కట్టె ఒకచోట పగిలితే, సన్నటి వెదురు బద్దలతో చుట్టి అల్లి ఉంది. మేము దాన్ని గమనించనే లేదు.

"ఇది మన కట్టే. గంప అంచుకు ఏసే ముడి. ఇంకొకరికి రాదు" అంది.

తర్వాత తనంతట తానే వాళ్ళ నాయన గురించి చెప్పింది. పొద్దుగూకినాక ఆయన హాజరుకు పోయేవాడట. పేరు పిలిస్తే పలికి, వేలిముద్ర వేసి, అక్కడినుంచి నేరుగా రెడ్ల కళ్ళం కావలికి పోయేవాడట. "సర్కారు దొంగ అనె. రెడ్డి కావలి పెట్టుకొనె. ఒగే మనిషిని" అంది జేజి.

ఇది మా ఒక్క ఇంటి కథ కాదు. నేరస్థ తెగల చట్టం మొదట వచ్చింది 1871లో, బ్రిటిష్ సైన్యం మార్టినీ తుపాకీని తీసుకున్న ఏడే. 1911 చట్టంతో అది మద్రాసు రాజధాని అంతటికీ పాకింది. పుట్టిన కులాన్ని బట్టే మనిషి పేరు పోలీసు పుస్తకంలోకి ఎక్కింది. స్టూవర్టుపురం, సిద్ధాపురం లాంటి సెటిల్‌మెంట్లు అట్లా పుట్టాయి. మద్రాసు రాష్ట్రంలో 1947లో, దేశమంతటా 1952 ఆగస్టు 31న ఆ చట్టం పోయింది. బడిలో మమ్మల్ని పిలిచిన ఆ మాట మాత్రం ఇంకా పోలేదు.

ఇప్పుడు మాకు అర్థమైంది. అబ్బకు తిరుగుబాటు కథ ఎందుకు కావలసి వచ్చిందో పోలీసు పుస్తకమే చెబుతోంది. తన నాయన పేరు దొంగల పట్టీలో ఉందని మనవళ్ళకు చెప్పలేక, నరసింహారెడ్డి దండులో ఉందని చెప్పాడు.

సోమవారం బడిలో అంతా ఉన్నది ఉన్నట్టు చెప్పాం. బోర్డు మీద రెండు వరసలు గీశాం. ఒకవైపు 'చూసి తెలుసుకున్నది', రెండోవైపు 'పెద్దలు చెప్పింది'. 1882, వి.ఆర్., ఎన్‌ఫీల్డ్, వెదురు కట్టు మొదటి వరసలో రాశాం. అబ్బ మాట రెండో వరసలో రాశాం, కొట్టెయ్యలేదు. ఆ సుగాలి పాప నోటుబుక్కులో ఎక్కించుకుని, "సార్, మా అవ్వ గాజుల పెట్టెకు కూడా ఇట్లా రాయొచ్చా?" అని అడిగింది.

అల్లూరి సీతారామరాజు దండు 1922 ఆగస్టులో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి స్టేషన్ల మీద పడి 26 తుపాకులు పట్టుకుపోయింది. తీసుకున్నవి ఏమిటో ఆయన రాసిపెట్టి పోయాడని చెబుతారు. మన్యం పోరాటం గురించి ఈరోజు తేదీలతో మాట్లాడగలుగుతున్నామంటే కాగితం మీద పడ్డందువల్లే. మన పల్లెల్లో జరిగిన చాలా సంగతులు కాగితం మీద పడలేదు. పడినవి మనల్ని దొంగలని రాసినవాళ్ళ పుస్తకాల్లో పడ్డాయి.

తోటి టీచర్లకు ఒక మాట. పిల్లల ఇళ్ళలో పాత వస్తువులు చాలా ఉంటాయి. పేరు చెక్కిన ఇత్తడి చెంబు, అరిగిన విసుర్రాయి, చిరిగిన పట్టా కాగితం, ఏదైనా సరే. కాగితం పెట్టి రుద్దించండి, పెద్దలను అడిగి రాయించండి. పాత తుపాకీ కనబడితే మాత్రం పిల్లలను దూరం పెట్టండి, సొంతదారు చేతనే తెరిపించండి. 1959 ఆయుధాల చట్టంలో పనికిరాని పురాతన ఆయుధాలకు మినహాయింపు ఉంది. కానీ ఏది ఆ లెక్కలోకి వస్తుందో తేల్చుకోవలసింది అధికారుల దగ్గరే, మనంతట మనం కాదు.

యువకులకు ఒక మాట. మన కులం పేరులోనే ఎరుక ఉంది. ఎరుక అంటే తెలిసి ఉండడం. తెలిసింది మనకు నచ్చకపోయినా అది ఎరుకే.

ఆ తుపాకీ ఇప్పటికీ ఆ నడవలోనే ఉంది. మొన్న పోయినప్పుడు పెద్దాయన వెదురు కట్టు మీద చెయ్యి పెట్టి, "ఇది ఊడిపోతాంది అయ్యవారూ, మళ్ళీ కట్టేవాళ్ళు ఉంటే చెప్పు" అన్నాడు. ఆ ముడి మాకు రాదు. ఈ వేసవి సెలవుల్లో పులివెందుల పోయి జేజి దగ్గర నేర్చుకోవాలి.