మంజీరా ఒడ్డున సైకిలు సఫారీ

పిల్లలూ, "సఫారీ" అనగానే మీకు ఏమి కనిపిస్తుంది? ఆఫ్రికా ఖండంలోని ఎండుగడ్డి మైదానాలూ, తలలు పైకెత్తి ఆకులు మేసే జిరాఫీలూ, చెట్టునీడన పడుకున్న సింహాలూ కళ్ళ ముందు మెదులుతవి. కాని ఆ మాట మనకు అంత పరాయిదేమీ కాదు. తూర్పు ఆఫ్రికాలో మాట్లాడే స్వాహిలీ భాషలో సఫారీ అంటే ప్రయాణమనే అర్థం. అది అరబ్బీలోని "సఫర్" అనే మాట నుంచి పుట్టింది. అదే సఫర్ ఉర్దూలోకి కూడా వచ్చింది. సంగారెడ్డి బజారులో ఏ ఉర్దూ పెద్దాయననైనా అడిగి చూడండి, సఫర్ అంటే ప్రయాణమేనని చెబుతాడు.

పూర్వం దొరలు తుపాకులు పట్టుకుని సఫారీకి వెళ్ళేవారు. తరవాత కెమేరాలు పట్టుకుని జీపుల్లో వెళ్ళటం వచ్చింది. ఇప్పుడు సైకిళ్ళ మీద వెళ్ళేవాళ్ళు కూడా ఉన్నారు. కెన్యా దేశంలో నైవాషా సరస్సుకు దగ్గరగా "హెల్స్ గేట్" అనే జాతీయవనం ఉన్నది. ఆ పేరుకు నరకద్వారం అని అర్థం. తెల్లవాళ్ళు దానికి ఆ పేరు పెట్టారు. లోపల ఎర్రని కొండచరియలూ, వేడినీటి ఊటలూ ఉన్నవి. 1984లో దాన్ని జాతీయవనంగా ప్రకటించారు. గేటు దగ్గర సైకిలు అద్దెకు తీసుకుని లోపలికి పోతే, బాటకు ఇరుపక్కలా చారల గుర్రాలు, అంటే జీబ్రాలు, మేస్తూ కనిపిస్తవి. బోట్స్వానా దేశంలో ఇంకొక విడ్డూరం ఉన్నది. అక్కడి మషాటు అడవిలో ఏనుగులు తరతరాలుగా నడిచి నడిచి నేలను చదును చేసిన దారులు ఉన్నవి. సైకిళ్ళవాళ్ళు ఆ దారుల వెంబడే పోతారు! రోడ్డు వేసిన కంట్రాక్టరు ఏనుగే అన్నమాట.

సైకిలుకు చప్పుడు లేదు గనక జంతువులు బెదరవని మీరు అనుకోవచ్చు. నిజానికి సంగతి అంత సులువు కాదు. జంతువులు జీపుకు అలవాటు పడిపోయి దాన్ని ఒక కదిలే బండరాయిలాగా చూస్తవి. సైకిలు మీద వచ్చేవాణ్ణి మాత్రం మనిషిగానే గుర్తుపడతవి. అందుచేత మషాటులో అడవి తెలిసిన మార్గదర్శి తుపాకీతో ముందు నడవాలి. మిగిలినవాళ్ళు అతని వెనక ఒకరి వెంట ఒకరుగా రావాలి. అతను చెయ్యి ఎత్తితే అందరూ ఆగాలి. ఎవరూ పారిపోరాదు, ఎందుచేతనంటే పరిగెత్తేదాన్ని తరమటం క్రూరమృగాల స్వభావం. గాలి ఎటు వీస్తున్నదో కూడా అతను చూసుకుంటాడు. మన వాసన గాలి వెంట ఏనుగుకు చేరితే అది మనకన్నా ముందే జాగ్రత్త పడుతుంది.

అతనికి పిట్టలు కూడా సాయం చేస్తవి. ఆఫ్రికాలో ఖడ్గమృగాల వీపుల మీద వాలి పేలు ఏరుకు తినే ఒకరకం ఎర్రముక్కు పిట్టలున్నవి. మనిషి అలికిడి కాగానే అవి అరుస్తవి. ఖడ్గమృగానికి చూపు తక్కువ. అది ఆ అరుపు విని మేలుకుంటుంది. స్వాహిలీలో ఆ పిట్టను "ఖడ్గమృగం కాపలాదారు" అంటారు.

"ఇవన్నీ బాగానే ఉన్నవి గాని, ఆఫ్రికా వెళ్ళటానికి మాకు డబ్బేది?" అంటారేమో. వెళ్ళనక్కర్లేదు. హైదరాబాదు నుంచి బొంబాయి రోడ్డున పడి పడమటికి పోతే పటాన్‌చెరు వస్తుంది. అక్కడి నుంచి రుద్రారం, కంది మీదుగా సంగారెడ్డి దాకా ఫ్యాక్టరీలూ, గోడౌన్లూ, పొగగొట్టాలూ, లారీల బారులూ తప్ప మరేమీ ఉండవని దారినపోయేవాళ్ళు అనుకుంటారు. కాని సంగారెడ్డి ఊరు దాటి నాలుగైదు కిలోమీటర్లు పోతే కల్పగూరు అనే పల్లె ఉన్నది. అక్కడ కాకతీయుల కాలంనాటి గుడి ఉన్నది. ఆ పక్కనే మంజీరా నది ఉన్నది. ఆ నదిలో మొసళ్ళున్నవి!

మంజీరా మహారాష్ట్రలోని బాలాఘాట్ కొండల్లో పుట్టి, తూర్పుకు ప్రవహించి, సంగారెడ్డి ప్రాంతానికి వచ్చి ఉత్తరానికి మలుపు తిరుగుతుంది. అక్కడి నుంచి నిజామాబాదు జిల్లాలోని కందకుర్తికి పోయి గోదావరిలో కలుస్తుంది. కల్పగూరు దగ్గర కట్టిన ఆనకట్ట నుంచి 1965 మొదలు హైదరాబాదుకు తాగునీరు పంపారు. ఆ నీటి చుట్టుపక్కల సుమారు 20 చదరపు కిలోమీటర్ల మేర 1978లో అభయారణ్యంగా ప్రకటించారు. దాని ముఖ్యోద్దేశం మొసళ్ళను కాపాడటం. అప్పటికి మన దేశంలో మొసళ్ళు చాలా అరుదైపోయాయి. తోలు కోసం వాటిని విపరీతంగా చంపారు. 1972లో వన్యప్రాణుల చట్టం వచ్చింది. 1975లో మొసళ్ళను గుడ్ల నుంచి పొదిగించి, పిల్లలను పెంచి, తిరిగి నదుల్లో వదిలే పని దేశమంతటా ఆరంభమయింది. మంజీరా కూడా ఆ పనిలో పాలు పంచుకున్నది.

గజేంద్రమోక్షం కథలో ఏనుగు కాలు పట్టిన మకరి మీకు తెలుసు గదా? ఆ "మకరం" అనే మాట నుంచే "మగర్" అనే హిందీ మాట వచ్చింది. అది ఇంగ్లీషువాళ్ళ నోట పడి "మగ్గర్" అయింది. మంజీరాలో ఉండేది ఈ మగ్గర్ మొసలే. ఇది ఆఫ్రికాలోని నైలునది మొసలికి చుట్టమే గాని, ఒడ్డూ పొడుగూ దానికన్నా తక్కువ.

మొసలికి మనలాగా లోపలి నుంచి వేడి పుట్టదు. చలికాలపు ఉదయం నీళ్ళలోంచి వచ్చి, ఇసుక మీదనో బండల మీదనో పడుకుని వీపు కాచుకుంటుంది. ఒళ్ళు మరీ వేడెక్కితే నోరు తెరుచుకుని అలాగే ఉండిపోతుంది. అది మనని మింగటానికి కాదు, ఒళ్ళు చల్లబరుచుకోవటానికి. వేసవికి ముందు ఆడమొసలి ఒడ్డున గొయ్యి తీసి పాతిక, ముప్ఫై గుడ్లు పెట్టి మన్ను కప్పుతుంది. పిల్ల ఆడదా, మగదా అన్నది నేల వేడిని బట్టి ఉంటుంది. సుమారు 32, 33 డిగ్రీల వేడి ఉంటే మగపిల్లలు ఎక్కువగా పుడతవి. అంతకన్నా తగ్గితే ఆడపిల్లలు. రెండు నెలల తరవాత గుడ్లలోంచి కిచకిచలు వినిపిస్తవి. అప్పుడు తల్లి మన్ను తవ్వి, పిల్లలను నోట్లో పెట్టుకుని నీళ్ళలోకి దించుతుంది. అంత భయంకరమైన పళ్ళ మధ్య పిల్ల భద్రంగా ఉంటుంది!

మొసలి తెలివిని గురించి ఇంకొక ముచ్చట ఉన్నది. చెన్నై దగ్గరి మొసళ్ళ కేంద్రంలో కొంగలు గూళ్ళు కట్టుకునే రోజుల్లో కొన్ని మొసళ్ళు ముక్కు మీద ఎండుపుల్లలు పెట్టుకుని నీళ్ళలో కదలకుండా ఉండటం కొందరు శాస్త్రజ్ఞులు గమనించారు. పుల్ల కోసం కొంగ వంగేసరికి మొసలి నోరు తెరిచేది. 2013లో ఈ సంగతి ప్రచురించారు. పుల్లలు వాటంతటవే ముక్కు మీద నిలుస్తవని, అందులో ఎత్తు ఏదీ లేదని వాదించే శాస్త్రజ్ఞులూ ఉన్నారు. మీరు మంజీరాలో అలాంటి పుల్లను చూస్తే, ఎవరి మాట నిజమో నిదానంగా గమనించండి.

ఇక ప్రయాణం. పటాన్‌చెరు నుంచి సంగారెడ్డి దాకా సైకిళ్ళు తొక్కవద్దు. అది జాతీయ రహదారి, లారీలు గాలి విసురుతో పోతవి. సైకిళ్ళను ఒక డీసీయం బండిలో ఎక్కించి, మీరు బస్సులో పోతిరెడ్డిపల్లి చౌరస్తా దాకా రండి. అక్కడి నుంచి ఊరు దాటి కల్పగూరు దారి పట్టండి. పెద్దవాళ్ళు ఒకరు ముందు, ఒకరు వెనక ఉండాలి. ముందే అటవీశాఖవారి అనుమతి అడగండి. లోపలికి సైకిళ్ళు వద్దంటే గేటు దగ్గర స్టాండు వేసి నడవండి, అందులో చిన్నతనం ఏమీ లేదు. అక్కడి కాపలావాళ్ళే మన మార్గదర్శులు. నది వాళ్ళకు అరచేతిలో గీతలాగా తెలుసు.

సైకిలు మీద ఉంటే జీపులో వినిపించనివి వినిపిస్తవి. ముందుగా మిమ్మల్ని పలకరించేది తీతువు పిట్ట. మనం కనపడగానే అది గొంతు చించుకుని అరుస్తుంది. ఆ ఆఫ్రికా పిట్ట లాగానే ఇదీ నదికి కాపలాదారే. తీగల మీద పాలపిట్టను చూస్తారు. నీటిపైకి వంగిన కొమ్మ మీద లకుముకి పిట్ట ఉంటుంది. రెక్కలు బార్లా చాపి ఎండలో ఆరబెట్టుకునేది నీటికాకి. పసుపుముక్కుతో, తోక దగ్గర గులాబిరంగు పూసినట్టుండే పెద్దకొంగలు గుంపుగా నిలబడి ఉంటవి. చలికాలంలో, తల వెనక రెండు నల్లచారలున్న బాతులను జాగ్రత్తగా చూడండి. అవి మంగోలియా, టిబెట్టు ప్రాంతాల్లో పుట్టి, హిమాలయాలను దాటి వస్తవి. అలాంటి బాతులకు చిన్న యంత్రాలు కట్టి చూస్తే, ఒకటి 7 వేల మీటర్లకు పైన ఎగిరినట్టు తేలింది!

ఆఫ్రికా నుంచి వచ్చే చుట్టాలు కూడా ఉన్నవి. వర్షం కోసం నోరు తెరుచుకుని ఎదురుచూస్తుందని పాత కావ్యాల్లో చెప్పే చాతకపక్షి తెలుసు గదా? తలమీద జుట్టుతో, నలుపూ తెలుపూగా ఉంటుంది. వానలతోపాటు మన దేశానికి వచ్చే చాతకాలు చాలా భాగం తూర్పు ఆఫ్రికా నుంచి సముద్రం దాటి వచ్చేవే. వానలు వెలిశాక పొలాల మీద గుంపులు గుంపులుగా తిరిగే పసుపు తూనీగలలో ఒక జాతి, మనదేశం నుంచి మాల్దీవుల మీదుగా హిందూమహాసముద్రం దాటి ఆఫ్రికా చేరుతుందని 2009లో చార్లెస్ యాండర్సన్ అనే శాస్త్రజ్ఞుడు తెలియజేశాడు. అర గ్రాము కూడా తూగని పురుగు అది! మనం డబ్బు లెక్కపెట్టుకునే లోపల అది సఫారీకి వెళ్ళివస్తున్నది.

ఒక సంగతి దాచటం మంచిది కాదు. పటాన్‌చెరు వైపు నుంచి నక్కవాగు అనే వాగు వచ్చి మంజీరాలో కలుస్తుంది. ఒకప్పుడు ఆ వాగు ఒడ్డున నక్కలు ఎన్ని ఉండేవో, పేరే చెబుతున్నది. 1970ల నుంచి పటాన్‌చెరు చుట్టూ కర్మాగారాలు వెలిశాయి. వాటిలో చాలా భాగం మందులూ, రసాయనాలూ తయారుచేసేవి. వాటి వల్ల వేలమందికి పని దొరికింది, దేశానికి మందులు దొరికాయి. కాని మురుగునీరు వాగులో పడి, వాగు రంగు మారింది; బావులు చెడ్డాయి; పంటలూ పశువులూ దెబ్బతిన్నాయి. 1990లో ఈ గొడవ సుప్రీంకోర్టుకు వెళ్ళింది. రైతులకు నష్టపరిహారం ఇప్పించారు. మురుగును శుద్ధిచేసే కేంద్రాలు పెట్టారు. అయినా 2007లో స్వీడన్ శాస్త్రజ్ఞులు అలాంటి ఒక కేంద్రం నుంచి వెలువడే నీటిని పరీక్షిస్తే, సిప్రోఫ్లాక్సాసిన్ అనే మందు, దాన్ని మింగిన రోగి రక్తంలో ఉండేదానికన్నా ఎక్కువ పాళ్ళలో ఉన్నది! అలాంటి నీళ్ళలో పెరిగిన క్రిములు మందుకు లొంగకుండా పోతవి. రేపు మనకు జ్వరం వచ్చినప్పుడు ఆ మందు పనిచెయ్యకపోవచ్చు.

నీరు చెడటమే కాదు, లేకుండా పోవటం కూడా ఉన్నది. 2015-16 కరువులో పైన ఉన్న సింగూరు జలాశయమూ, మంజీరా జలాశయమూ ఎండిపోయి, హైదరాబాదుకు వాటి నీళ్ళు రాకుండా పోయాయి. నీరు తగ్గితే మొసళ్ళు ఒడ్డున బొరియలు తవ్వి దాక్కుంటవి, లేదా రాత్రివేళ నడిచి వేరే మడుగులు వెతుక్కుంటవి. అందుకే అప్పుడప్పుడు పొలాల్లో మొసలి కనిపించిందని వింటూ ఉంటాం. పాపం, అది మన ఊరు చూడటానికి రాలేదు, నీళ్ళ కోసం వచ్చింది.

కల్పగూరు దాకా వెళ్ళలేనివాళ్ళకు పటాన్‌చెరు పక్కనే అమీన్‌పూర్ పెద్దచెరువు ఉన్నది. చుట్టూ మేడలు పెరిగిపోతున్నా, ఆ చెరువును 2016లో జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించారు. మన దేశంలో పట్టణం మధ్య ఉన్న నీటివనరుకు ఆ గౌరవం దక్కటం అదే మొదలు. ఆదివారం తెల్లవారుజామున సైకిళ్ళ మీద గట్టుకు వెళ్ళి, ఒక నోటుపుస్తకంలో తేదీ, వేళ, కనిపించిన పిట్టలు రాసుకోండి. నాలుగు నెలలు రాస్తే, ఏ పిట్ట ఎప్పుడు వచ్చిందో, ఎప్పుడు వెళ్ళిందో మీకే తెలిసిపోతుంది.

మంజీరాకు వెళ్ళటానికి నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా మంచి రోజులు. మంచినీళ్ళ సీసా, గాలిపంపూ, పంక్చరు సామానూ, దూరాన్ని దగ్గరగా చూపే అద్దాలూ ఉంటే చాలు. ఎర్రచొక్కా వద్దు. పల్లీలు తిన్నా పొట్టు జేబులోనే వేసుకోండి. నీటి అంచుకు దిగవద్దు. కాళ్ళు కడుక్కోవటానికి కూడా దిగవద్దు. ఒడ్డున బురద కనిపిస్తే దూరం నుంచే చూడండి. రెండు వరసల పాదాల గుర్తులూ, వాటి నడుమ వంకరటింకరగా ఒక గాడీ ఉంటే, అది మొసలి తోక ఈడ్చుకుంటూ పోయిన జాడ. గాడి నీటివైపు పోయి, అంచులు ఇంకా తడిగా మెరుస్తూ ఉంటే, అది ఇప్పుడే లోపలికి దిగిందన్నమాట. అప్పుడు చప్పుడు చెయ్యకుండా గట్టు మీదికి వెళ్ళి కూచోండి. ఒక పావుగంట ఆగితే, నీటి మీద మొదట రెండు కళ్ళు తేలుతవి.