ఉయ్యాలో కాడ అందుకో

పదిమంది చేత పాడించాలని బయలుదేరి, పాడుతున్నవాళ్ల నోళ్లు మూయించినదాన్ని నేను. నాలుగు కీర్తనలు నేర్చుకున్నవాళ్లకు ఈ జబ్బు ఇట్టే అంటుకుంటుంది. రేపు మీ వీధి శ్రీరామనవమి పందిట్లో మైకు మీ చేతికిస్తే మీరైనా ఇదే చేస్తారేమో, చూసుకోండి.

మా కాలనీ హైదరాబాదు శివార్లలో ఉంది. నేను అక్కడికి మారేసరికే కమ్యూనిటీ హాల్లో శనివారం సాయంత్రాలు భజన జరుగుతుండేది. రామదాసు కీర్తనలు, మంగళహారతులు, ఎవరికి ఏది గుర్తొస్తే అది ఎత్తుకునేవారు. శ్రుతి అని ఒకటి ఉండేది కాదు. తాళం మెల్లగా మొదలై చివరికి పరుగందుకునేది. రిటైరైన హెడ్మాస్టారు ఒకాయన ఏ పాటకైనా చరణాలన్నీ ఒకే వరసలో లాగించేవారు. వినలేకపోయేదాన్ని. "నేను నేర్పిస్తానండీ" అన్నాను. పాపం, అందరూ సంబరంగా ఒప్పుకున్నారు.

పుష్య బహుళ పంచమికి తిరువయ్యారు ఆరాధనలో వందలమంది విద్వాంసులు కూర్చుని త్యాగరాజ పంచరత్నాలు గోష్ఠిగా పాడతారు కదా. మన హాల్లోనూ ఒక్కటైనా అలా పాడించాలని పట్టుబట్టాను. నాట, గౌళ, ఆరభి, వరాళి దాటి ఆఖరిదైన శ్రీరాగ కృతినే ఎంచుకున్నాను. అందులో చరణం చరణానికీ వరస మారుతుంది. ముందు స్వరం పాడి, అదే నడకలో సాహిత్యం పాడాలి. ఏళ్ల తరబడి సాధన చేసినవాళ్లే జాగ్రత్తగా పాడే కృతి అది. దాన్ని జిరాక్సు తీయించి అందరికీ పంచాను. శ్రుతిపెట్టె నా ఐదున్నరకు పెట్టాను. ఆ శ్రుతిలో పై షడ్జం దాటితే అలవాటు లేని ఆడవాళ్లకు గొంతు పట్టేస్తుంది. మగవాళ్లకు పైన అందదు, కింద పలకదు. నాకిది తెలియక కాదు. నా గొంతు బాగా పలికేది అక్కడే గనక అక్కడే పెట్టాను.

ముందు వరసలో ఒక పెద్దమ్మ కూర్చునేది. కరీంనగర్ వైపు పల్లెటూరు నుంచి కొడుకు దగ్గరికి వచ్చినావిడ. బొంగురు గొంతు, కానీ హాలంతా వినిపించేది. పాట రాకపోయినా ధైర్యంగా అందుకునేది. ఒకరోజు అందరినీ ఆపి, "పెద్దమ్మా, మీరు కాసేపు పాడకుండా వినండి, మీ వల్ల పక్కవాళ్లు కూడా తప్పుతున్నారు" అన్నాను. "సరే బిడ్డా" అంది. చేతిలో కాగితం నాలుగు మడతలు పెట్టి మోకాలి కింద దోపుకుంది. ఆ తర్వాత కూడా వచ్చేది, తొడ మీద తాళం వేసేది. నోరు మాత్రం విప్పలేదు. క్రమశిక్షణ అలవడిందనుకున్నాను. హెడ్మాస్టారు రావడం మానేశారు. దాన్నీ పెద్దగా పట్టించుకోలేదు.

ఆరాధన రోజున నేనూ, సంగీతం నేర్చుకుంటున్న ఇద్దరమ్మాయిలూ పాడాం. మిగతావాళ్లు విని చప్పట్లు కొట్టారు. బాగా జరిగిందని చాలా సంతోషించాను. పాడించడానికి పిలిచినవాళ్లను కూర్చోబెట్టి వినిపించానన్న ఆలోచనే రాలేదు.

ఆ ఏడు సద్దుల బతుకమ్మ నాడు మా కాలనీలో ఆడవాళ్లు డీజే వద్దన్నారు. మంచి పని చేశారు. డీజే పెట్టినచోట పాట వినిపిస్తుంది గానీ ఎవరి నోరూ కదలదు. తంగేడు, గునుగు పూల బతుకమ్మలను మధ్యలో పెట్టి చుట్టూ నిలబడ్డారు. పాట ఎత్తుకున్నది పెద్దమ్మ. అదే బొంగురు గొంతు. నేనూ వలయంలో చేరాను. సంగీతం వచ్చినదాన్ని, జానపదం పాడలేనా అనుకుని లైను మొత్తం అందుకోబోయాను. మాటలు తెలియవు. చప్పట్లు చూసుకుంటే అడుగు తప్పుతోంది, అడుగు చూసుకుంటే పాట జారిపోతోంది. పెద్దమ్మ చూసింది. పాట ఆపలేదు. తిరుగుతూనే నా పక్కకొచ్చి, మిగతావాళ్లు పలికే సందులో, "లైను నేను చెప్త బిడ్డా, నువ్వు ఉయ్యాలో కాడ అందుకో" అంది.

అందుకున్నాను. ఆమె సగం లైను పాడేది, మేమంతా ఉయ్యాలో అనేవాళ్లం. మిగతా సగం, మళ్లీ ఉయ్యాలో. మేము పలికేలోగా ఆమెకు ఊపిరి దొరికేది. ఆమె పాడేలోగా మాకు అడుగు కుదిరేది. రెండు చుట్లు తిరిగేసరికి మాటలు కూడా నోటికొచ్చాయి. ఒకరి చెయ్యి పట్టుకుని తిరుగుతున్న చిన్నపిల్ల కూడా ఆ ఒక్క మాట దగ్గర గట్టిగా అరిచేది. రానివాళ్ల కోసం పాటలోనే చోటు పెట్టి ఉంచారు. నేను ఎంచుకున్న పాటలో ఆ చోటే లేదు. ఆమె కోసం నేను అందరి పాటా ఆపాను. నా కోసం ఆమె ఎవరి పాటా ఆపలేదు. నడుస్తున్న వలయంలోనే నా ముఖం వేడెక్కింది.

ఆ రాత్రి నిద్రపట్టక పుస్తకాలు తీశాను. త్యాగరాజస్వామి పంచరత్నాలతో ఆగలేదు. వీధుల్లో ఉంఛవృత్తికి పాడుకుంటూ వెళ్లిన మనిషి ఆయన. భజనగోష్ఠిలో పదిమందీ పాడుకోవడానికి దివ్యనామ కీర్తనలు, ఉత్సవ సంప్రదాయ కీర్తనలు చేశారు. దివ్యనామాల్లో ఎన్ని చరణాలున్నా వరస ఒకటే. ఒక చరణం పట్టుబడితే అన్నీ వచ్చినట్టే. హెడ్మాస్టారు చేసేది కూడా అదే కదా! చిన్న కీర్తనలని నేను దాటేసినవి, ఆ మహానుభావుడు మాలాంటివాళ్ల కోసమే చేసి పెట్టినవి.

మర్నాడు పెద్దమ్మ ఇంటికి వెళ్లి, తప్పు చేశానని చెప్పుకున్నాను. ఆమెకు అదంతా గుర్తు లేనట్టే మాట్లాడింది. శనివారం రమ్మని అడిగితే, "గా కాయితాలు పంచకు బిడ్డా. నాకు చదువు రాదు. అందరి ముంగట చెప్పబుద్ధి కాలే" అంది. అన్ని వారాలు ఆ కాగితం ఆమె చేతిలో పెట్టాను, ఒక్కసారి అడగలేదు.

ఇప్పుడు హాల్లో కాగితాలు లేవు. గుండ్రంగా కూర్చుంటాం. ఎవరు ఎత్తుకుంటే వాళ్ల శ్రుతే శ్రుతి. ఒకరు చెబుతారు, మిగతావాళ్లం అంటాం. ఎక్కడైనా అపస్వరం పడితే నా చెయ్యి ఇప్పటికీ లేవబోతుంది. ఒళ్లో పెట్టేసుకుంటాను. హెడ్మాస్టారు మాత్రం తిరిగి రాలేదు. పిలిచినప్పుడల్లా మోకాళ్ల నొప్పులంటారు. వచ్చే శనివారం వాళ్లింటి అరుగు మీదే భజన పెట్టుకుందామని పెద్దమ్మ అంటోంది. ఆయన్ని అడగాల్సింది నేనే.